ఓరుగల్లువాసులకు ముట్టడి జాగ్రత్తలు

1309 అక్టోబరు ఆఖర్న ఢిల్లీలో బయల్దేరిన, సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ సేన 1310 జనవరిలో ఓరుగల్లు ముందు దిగింది. అంటే సర్దుకోవడానికి చేతిలో ఉండేది సుమారు రెండున్నర నెలలు. దారిలో సిర్పూరు కోట పోయిందన్న కబురు అందితే ఇక ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ముందు నీళ్లు. భద్రకాళి చెరువును నమ్ముకోకండి, అది కోట బయట ఉంది. కాఫూర్ హనుమకొండ గుట్టెక్కే ఊరంతా పరికించాడు కాబట్టి ఆ వైపంతా శత్రువుదే. లోపలి బావుల పూడిక ఇప్పుడే తీయించండి. గోడ బయటి తోటలు కొట్టేయండి. కడుపు తరుక్కుపోయే పనే, కానీ మీరు వదిలేసిన చెట్లే వాళ్ల శిబిరం చుట్టూ దుంగల కంచె అవుతాయి. ఆ కంచె లేచాక రాత్రి దాడుల మీద ఆశ పెట్టుకోవద్దు. వెయ్యిమంది రౌతులతో మనవాళ్లు చేసిన దాడి అలాగే తిప్పికొట్టబడింది.

రాతికోట చుట్టూ ఉన్న బయటి మట్టిగోడను చిన్నచూపు చూడకండి. రాతిగుండు తగిలితే పిల్లలాడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రోనే రాశాడు. అయినా కందకం పూడ్చి, ఫిబ్రవరిలో దాన్ని దాటేశారు. కాబట్టి రెండు గోడల మధ్య కాపురం ఉన్నవాళ్లు ముసలివాళ్లనూ పిల్లలనూ ముందే రాతికోటలోకి పంపేయాలి. పూరిళ్ల కప్పులు విప్పండి, గడ్డివాములు గోడకు దూరంగా వేయండి. రాతిగోడకు లోపలివైపు పొడవునా మెట్లున్నాయి. కాపలావాడు ఎక్కడినుంచైనా పైకి పరిగెత్తాలని కట్టినవవి. మీ మంచాలూ వడియాల చాపలూ అక్కడ పరచకండి.

తిండి సంగతి. జొన్నలు, ఉలవలు, చింతపండు, ఉప్పు దాచండి. (మిరపకాయ ఈ దేశానికి రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లు పడుతుంది. కారానికి మిరియాలే గతి.) పల్లెల జనమంతా కోటలోకి వస్తారు, ఆ నోళ్లను కూడా లెక్కేసుకోండి. నెలలో తేలిపోతుందనుకోవద్దు. 1321లో ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ ముట్టడి వేసి ఆర్నెల్లు కూర్చున్నాడు.

అసలు ప్రమాదం వాళ్లు వెళ్లిపోయాక మొదలవుతుంది. ఆ ఏడు ఢిల్లీ నుంచి టపా ఆగి, సుల్తాను పోయాడన్న పుకారు లేచింది. శిబిరం చెదిరింది, ఉలుగ్ ఖాన్ ఢిల్లీవాళ్ల చేతిలో ఉన్న దేవగిరి కోటకు వెనుదిరిగాడు. గెలిచామనుకుని కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ధాన్యాగారాలు తెరిపించి ఊరికి విందు చేశాడు. ఆర్నెల్లు గంజి తాగిన పట్టణాన్ని అన్నం తినొద్దనడం కష్టమే, ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కానీ 1323లో ఉలుగ్ ఖాన్ కొత్త బలగంతో తిరిగొచ్చేసరికి గాదెల్లో సరుకు లేదు. ఐదు నెలలకే కోట లొంగింది. బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే ప్రతాపరుద్రుడు దారిలోనే కన్నుమూశాడు.

అందుకని ముట్టడి ఎత్తేసిన మర్నాడే మొదట కందకంలో పోసిన మట్టి ఎత్తించండి. పడిపోయిన బురుజు కట్టించండి. కొత్త పంట ఇంటికొచ్చేదాకా గంజే తాగండి. దేవగిరికి వేగును పంపి, అక్కడి గుడారాలు లేచిపోయాయని వాడు కళ్లారా చూసి వచ్చి చెప్పేవరకు గాదె తాళం తీయకండి.