‘సెవెన్ సోల్జర్స్’ మధ్యలో వదిలేశారా? చిక్కు ఎక్కడ, విప్పుకోవడం ఎలా

బరంపురంలో కామిక్స్ చదివే తెలుగువాళ్ళకు కొదవ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో కూడా ఇంచుమించు ఇదే లెక్క. కానీ గ్రాంట్ మారిసన్ రాసిన ‘సెవెన్ సోల్జర్స్’ పేరెత్తితే మాత్రం చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "మొదలుపెట్టాను గానీ, అర్థం కాక వదిలేశాను." దీనికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా గట్టి నమ్మకం. వదిలేసిన వాళ్ళను మళ్ళీ దీని దగ్గర కూర్చోబెట్టాలనే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. డీసీ కామిక్స్ 2005, 2006లలో విడుదల చేసింది. మొత్తం 30 సంచికలు. ఏడుగురు నాయకులు, ఒక్కొక్కరికి 4 సంచికల చొప్పున 28. వాటికి ముందు 0 నంబరు సంచిక, చివర 1 నంబరు సంచిక. అవును, ఆఖరి సంచిక నంబరే 1. పుస్తకం చేతికి రాగానే చాలామంది తడబడేది ఇక్కడే. ‘1’ అని ఉంది కదా అని అది ముందు తెరవకండి.

సమస్య: ఒక్కొక్కరి కథ పూర్తి చేశాను, ఏదీ దేనితోనూ కలవడం లేదు

ఎక్కువమంది ఆగిపోయేది దీని దగ్గరే. కారణాలు రెండు. ఒకటి, చదివిన వరస. షైనింగ్ నైట్ 4 సంచికలు ఏకబిగిన చదివేసి, తర్వాత గార్డియన్ 4, ఆపైన జటానా 4 అని వెళ్తే దారాలన్నీ తెగిపోతాయి. రెండోది, మన ఎదురుచూపు. ఏడుగురు వీరులు అనగానే ఎక్కడో ఒకచోట అందరూ వరసగా నిలబడి శత్రువు మీదికి ఉరుకుతారని ఎదురుచూస్తాం. ఇందులో అది జరగదు. ఏడుగురూ ఒక జట్టుగా ఎక్కడా కలవరు. ఒకరు చేసిన పని ఇంకొకరికి ఎలా అక్కరకొచ్చిందో వాళ్ళకే తెలియదు.

మన ఊళ్ళో ఠాకురాణి యాత్ర చూసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. రెండేళ్ళకోసారి అమ్మవారు దేశీ బెహరా వీధికి వచ్చి ఉన్న రోజుల్లో మొక్కుకున్నవాళ్ళు తలో వేషం కడతారు. పులివేషం ఒక సందులో ఆడుతుంటే, ఇంకో వేషం మరో వీధిలో ఇల్లిల్లూ తిరుగుతుంటుంది. వాళ్ళు ఒకరినొకరు చూసుకోకపోవచ్చు. అయినా యాత్ర ఒక్కటే. అది ఒక్కటని తెలిసేది వీధులన్నీ తిరిగి చూసినవాడికి. ఈ కామిక్‌లో ఆ తిరిగే పని చదివేవాళ్ళది.

పరిష్కారం: విడుదలైన వరసలో చదవండి. ముందు 0. తర్వాత షైనింగ్ నైట్, గార్డియన్, జటానా, క్లారియన్. ఈ నాలుగూ ఒకదాని సంచిక తర్వాత ఇంకొకదాని సంచికగా అల్లుకుంటూ వస్తాయి. మిస్టర్ మిరకిల్, బులెటీర్, ఫ్రాంకెన్‌స్టైన్ ఆ వెనక మొదలవుతాయి. అన్నీ అయ్యాక ఆ 1 నంబరు సంచిక. 2006, 2007లలో వచ్చిన నాలుగు సంపుటాల పేపర్‌బ్యాక్ సెట్టులో సంచికలు ఇలా కలిపే ఉంటాయి కాబట్టి పాతవి దొరికితే అవే తీసుకోండి. 2018లో అన్నీ ఒకే పుస్తకంగా కట్టి తెచ్చిన ఆమ్నిబస్ బాగుంటుంది గానీ, పడుకుని చదవడానికి మహా బరువు.

వరస సరిచేశాక ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. అందులో మనుషుల పేర్లు కాదు, వస్తువులు రాయండి. పాచిక. కొప్పెర. రెక్కల గుర్రం. ‘మాన్‌హట్టన్ గార్డియన్’ వార్తాపత్రిక. ఏ సంచికలో ఏది ఎవరి చేతిలో ఉందో ఒక్క ముక్క రాస్తే చాలు. ఉదాహరణకు పాచికనే చూడండి. జటానా కథలో ఆమె శిష్యురాలు మిస్టీ దగ్గర ఒకటి ఉంటుంది. క్లారియన్ కథలో అతని చేతికి ఒకటి వస్తుంది. విడివిడిగా చదివితే రెండూ పిల్లల ఆటవస్తువుల్లా దాటిపోతాయి. నోటుబుక్కులో పక్కపక్కన పడితే మాత్రం, ఆఖరి సంచికలో వాటి పని చూసి మీరే ముందు పేజీలకు పరిగెడతారు.

సమస్య: మొదటి సంచికలో పరిచయమైనవాళ్ళంతా అందులోనే పోయారు. ఇక ఎవరిని పట్టుకుని చదవాలి?

ఇది లోపం కాదు, కథకు పునాది. 0 సంచికలో విజిలాంటే అనే ముసలి వీరుడు జట్టు కట్టి అరిజోనా ఎడారిలో పెద్ద సాలెపురుగు మీదికి వేటకు వెళ్తాడు. ఏడుగురు ఉండాల్సిన చోట ఆరుగురే ఉంటారు. ఆ లోటు దగ్గరే కథంతా పుట్టింది. రాని ఆ ఏడో మనిషి ఎవరన్నది మనసులో పెట్టుకుని ముందుకు వెళ్ళండి. సమాధానం మరో సిరీస్‌లో దొరుకుతుంది. ఎక్కడో నేను చెప్పను, అది మీరు పట్టుకుంటేనే బాగుంటుంది.

సమస్య: విలన్లు ఎవరో, ఏం కావాలో తెలియడం లేదు

షీడా అనేవాళ్ళు కాలం చివరి అంచు నుంచి వెనక్కి వచ్చే జాతి. ఏ నాగరికత పండితే దాన్ని కోసుకుపోవడం వాళ్ళ బతుకుతెరువు. షైనింగ్ నైట్ కథలో ఆర్థర్ రాజు కోట కామెలాట్ అలాగే కూలింది. ఈ సంగతి ఎక్కడా ఒకచోట కూర్చోబెట్టి చెప్పరు. తలా ఒక ముక్క ఏడు కథల్లోనూ పడి ఉంటుంది. ఒక గుర్తు చెప్తాను: మామూలు మనిషి ఉన్నట్టుండి తేడాగా ప్రవర్తిస్తే అతని మెడ వెనక బొమ్మను జాగ్రత్తగా చూడండి. చిన్న షీడా రౌతు అక్కడ కూర్చుని ఉండొచ్చు.

సమస్య: మాటలు అర్థం కావడం లేదు

దీనిలో రెండు రకాలున్నాయి, కలిపెయ్యకండి. మొదటిది మన ఇంగ్లీషు సంగతి. అన్నీ పెద్దక్షరాలు, న్యూయార్క్ యాస, సగం సగం వాక్యాలు. దీనికి ఇద్దరు కలిసి చదవడాన్ని మించిన మందు లేదు. అన్నా తమ్ముడూ కావచ్చు, వదినా మరదలూ కావచ్చు, ఒకరు పేజీ చూసి "ఎవరు, ఎక్కడ, చేతిలో ఏముంది" అని తెలుగులో ఒక్క వాక్యం చెప్పాలి. రెండోవాళ్ళు అప్పుడు బుడగల్లో మాటలు చదవాలి. బొమ్మ ముందు, మాట తర్వాత. ఈ రచయితకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

రెండోది, అర్థం కాకూడదనే రాసిన మాటలు. షైనింగ్ నైట్ వేల ఏళ్ళనాటి లోకం నుంచి నేటి లాస్ ఏంజెలెస్‌లో వచ్చి పడినప్పుడు, పోలీసులకు ఆ భాష ఒక్క ముక్క తెలియదు, మనకూ తెలియదు. అక్కడ నిఘంటువు వెతక్కండి, కంగారు పడండి చాలు. జటానా మంత్రాలు మాత్రం తిరగేసి రాసిన ఇంగ్లీషు. ఒక్కో పదాన్ని చివరి అక్షరం నుంచి మొదటికి చదివితే విడిపోతుంది.

సమస్య: ఫోన్‌లో చదువుతుంటే పేజీ ముక్కలైపోతోంది

ఒక్కో గడినీ విడిగా పెద్దది చేసి చూపే సదుపాయం ఈ పుస్తకానికి పనికిరాదు, ఆపెయ్యండి. ముఖ్యంగా జటానా నాలుగో సంచికలో ఆమె గడుల గీతల మీదుగా, ఏకంగా మన వైపు చెయ్యి చాస్తుంది. గడి గడిగా చూస్తే ఆ చెయ్యి కనిపించనే కనిపించదు. ఫోన్ అడ్డంగా తిప్పి, ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కనపడేలా పెట్టుకోండి. ట్యాబ్ అయితే మరీ మంచిది.

సమస్య: అన్నీ వరసగా చదివాను, అయినా ఏదో జారిపోయింది

గార్డియన్ నాలుగో సంచిక మళ్ళీ తియ్యండి. న్యూస్‌బాయ్ ఆర్మీ అనే పిల్లల ముఠా కథ అది. పైకి దారి తప్పిన ఫ్లాష్‌బ్యాక్‌లా ఉంటుంది గానీ, వెన్నెముక అదే. షైనింగ్ నైట్‌లో కనిపించే మాఫియా డాన్ విన్సెంజో చిన్నప్పుడు ఎవరో, గార్డియన్ పత్రిక నడిపేది ఎవరో, ఆ పిల్లలు బురదనేలలో ఎవరిని కలిశారో ఇందులో తెలుస్తుంది. 0 సంచిక మొదట్లో కనిపించిన బట్టతల మనుషుల పేజీలు దీని పక్కన పెట్టుకుని చూడండి. కామెరాన్ స్టువర్ట్ గీసిన ఆ పిల్లల ముఖాలు మొదటి పేజీకీ చివరి పేజీకీ ఎంత మారతాయో గమనించండి. 30 సంచికల్లోనూ నన్ను బాగా కలచివేసింది ఇదే.

సమస్య: ఆఖరి సంచిక అసలు తలకెక్కడం లేదు

2006 అక్టోబరులో, అనుకున్నదానికి నెలల ఆలస్యంగా వచ్చిన సంచిక ఇది. ఏడు కథల ముగింపులూ దాదాపు 40 పేజీల్లో ఇమిడ్చారు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా ఉండదు. దారి చూపేది బొమ్మలే. ఈ సంచిక గీసిన జె. హెచ్. విలియమ్స్ III ఇక్కడ ఎవరి భాగం వస్తే ఆ సిరీస్ చిత్రకారుడి తీరులోకి మారిపోతాడు. ఫ్రేజర్ ఇర్వింగ్ గీసిన క్లారియన్‌లోని చల్లని రంగులు, సిమోన్ బియాంకి షైనింగ్ నైట్‌లో పూసిన నీడలు ఇప్పటికే మీ కంటికి అలవాటై ఉంటాయి. పేజీ తిప్పగానే మాటలు చదవకుండా "ఇది ఎవరి వీధి?" అని బొమ్మను బట్టి పోల్చుకోండి. ఒక విడత ఇలా పోల్చుకుంటూ చివరిదాకా వెళ్ళి, రెండో విడతలో మాటలు చదవండి.

సమస్య: మిస్టర్ మిరకిల్ దేనికీ అతకడం లేదు

మొదటి సంచిక పాస్కల్ ఫెరీ గీశాక చిత్రకారులు మారారు, ఆ కుదుపు తెలుస్తూనే ఉంటుంది. కథ కూడా మిగతా ఆరింటికన్నా పక్కదారిలో నడుస్తుంది. మిస్టర్ మిరకిల్ అసలు పేరు షైలో నార్మన్. అతను ఇరుక్కున్న ఉచ్చు షీడాలది కాదు, అంతకన్నా పెద్దవాళ్ళది. దాన్ని ఇక్కడే తేల్చుకోవాలని పట్టుబట్టకండి. మారిసన్ 2008లో మొదలుపెట్టిన ‘ఫైనల్ క్రైసిస్’ అనే మరో కామిక్‌లో షైలో మళ్ళీ వస్తాడు. ఈ 4 సంచికలు విడిగా దాచుకుని, అది తెరిచే ముందు మరోసారి చదవండి.