గడ్డకట్టే చలి రాకముందే ఇంట్లో చూసుకోవలసినవి

ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కంటే దిగువకు పడిపోయే చోట్ల, చలికాలంలో ఇంటికి ఎక్కువ నష్టం తెచ్చిపెట్టేది గొట్టాల్లో నిలిచిన నీరే. గడ్డకట్టేటప్పుడు నీటి ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అయితే గొట్టం చాలాసార్లు మంచు పేరుకున్నచోట పగలదు. ఆ గడ్డకూ మూసి ఉన్న కుళాయికీ నడుమ చిక్కిన నీటిలో ఒత్తిడి విపరీతంగా పెరగడంతో, గడ్డకు దూరంగా మరెక్కడో చీలుతుంది. తీవ్రమైన చలి రాత్రుల్లో కుళాయిని సన్నని ధారగా వదలమనడం ఈ ఒత్తిడి పెరగకుండా చూడటానికే.

కాబట్టి చలి ముదరకముందే ఆరుబయటి కుళాయిలకు తగిలించిన రబ్బరు గొట్టాలను తీసివేసి, ఆ కుళాయిలకు నీరు వెళ్లే దారిని లోపలే మూసివేసి, మిగిలిన నీటిని బయటకు వదిలేయాలి. బయటి గోడల వెంట, అటక మీద, నేల అడుగున వెళ్లే గొట్టాలకు ఫోమ్ తొడుగులు వేయాలి. ఇంటి మొత్తానికీ నీటిని ఆపే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి; దాన్ని ఇప్పుడే ఒకసారి తిప్పి చూడటం మేలు, ఎందుకంటే ఏళ్ల తరబడి కదలని వాల్వు సరిగ్గా అవసరమైన రాత్రే మొరాయిస్తుంది. గొట్టం గడ్డకడితే కుళాయి తెరిచి ఉంచి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేయాలి. మంట మాత్రం చూపకూడదు.

ఊరు వెళ్లేవారు ఖర్చు తగ్గుతుందని హీటర్లను పూర్తిగా ఆపేయడం పొదుపు అనిపించుకోదు. కనీసం 13 డిగ్రీల వెచ్చదనమైనా ఉంచాలి, లేదా గొట్టాలన్నీ ఖాళీ చేసి వెళ్లాలి.

ప్రాణాపాయం మాత్రం ఎక్కువగా వెచ్చదనం కోసం మనం చేసే పనుల వల్లే వస్తుంది. బొగ్గుల కుంపటి, జనరేటర్, పొగగొట్టం మూసుకుపోయిన పొయ్యి వెలువరించే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవారికి అది సోకిన సంగతే తెలియదు. అందువల్ల పొగగొట్టాన్ని ఏటా శుభ్రం చేయించాలి, పడకగదుల దగ్గర ఈ వాయువును పసిగట్టే అలారం అమర్చి బ్యాటరీ పరీక్షించాలి, జనరేటర్‌ను ఆరుబయట, కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలోనే నడపాలి. కుంపటిని, ఎంత చలిగా ఉన్నా, ఇంట్లోకి తేకూడదు. విద్యుత్ హీటర్‌ను పరదాలకూ పరుపులకూ మీటరు దూరంలో ఉంచి, ఎక్స్‌టెన్షన్ తీగకు కాక నేరుగా గోడ సాకెట్‌కే తగిలించాలి.