అద్దె కోసం ఫ్లాటు కొంటున్నారా? బెంగళూరు శివార్లలో ఏరియాను ఎంచుకోవడం ఎలా?

స్థలం కొనేటప్పుడు పదేళ్ళ తర్వాతి సంగతి ఆలోచిస్తే సరిపోతుంది. అద్దెకివ్వడానికి ఫ్లాటు కొనేటప్పుడు వచ్చే నెల ఒకటో తారీఖు గురించి ఆలోచించాలి. బెంగళూరు శివార్లలో ఫ్లాటు కొనే మనవాళ్ళలో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. "రింగురోడ్డు వస్తోంది, మెట్రో వస్తోంది" అంటే కొనేస్తారు. ఆ తర్వాత టులెట్ బోర్డు నెలల తరబడి వేలాడుతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. అద్దెకొచ్చేవాళ్ళు పొద్దున ఆ వీధిలోంచి ఆఫీసుకు ఎలా వెళ్తారు, సాయంత్రం ఇంటికొచ్చి కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయా అన్నవే ఇక్కడ అసలు ప్రశ్నలు. కింది పనులను ఇదే వరుసలో చేయండి. లాయరు దగ్గరికి వెళ్ళేదాకా పెద్దగా ఖర్చుండదు, నాలుగు వారాంతాలూ ఒక పనిదినమూ కేటాయిస్తే చాలు.

1. ఎవరికి అద్దెకిస్తారో తేల్చుకోండి

పెళ్ళికాని ఐటీ ఉద్యోగులు, చిన్నపిల్లలున్న దంపతులు, ఆస్పత్రి సిబ్బంది, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు: వీళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో ఏరియా నప్పుతుంది. ఒంటరివాళ్ళను నమ్ముకుని సింగిల్ బెడ్‌రూమ్ కొంటే చుట్టుపక్కల పీజీలతో పోటీ పడాలి. పిల్లలున్న కుటుంబం బడి మార్చడం ఇష్టంలేక మూడు నాలుగేళ్ళు కదలదు. అందుకే డబుల్ బెడ్‌రూమ్‌కు గిరాకీ నిలకడగా ఉంటుంది.

ఒకే టెక్ పార్కు మీద ఆధారపడిన ఏరియా వద్దు. 2020లో ఇంటినుంచి పని మొదలవగానే ఐటీ ఆఫీసుల చుట్టూ ఉన్న ఫ్లాట్లు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. వైట్‌ఫీల్డ్ వైపు ఐటీపీఎల్ టెక్ పార్కుతో పాటు పెద్ద ఆస్పత్రులున్నాయి. ఎలక్ట్రానిక్ సిటీ దాటితే బొమ్మసంద్ర పారిశ్రామికవాడ, నారాయణ హెల్త్ సిటీ ఉన్నాయి. ఇలా రెండు మూడు రకాల ఉపాధి ఉన్నచోట ఒకటి తగ్గినా ఇంకొకటి ఆదుకుంటుంది.

2. ఇవాళ నడుస్తున్న రవాణానే లెక్కలోకి తీసుకోండి

కేఆర్ పురం నుంచి వైట్‌ఫీల్డ్ కాడుగోడి దాకా మెట్రో 2023 మార్చిలో మొదలైంది. కానీ బైయప్పనహళ్ళి, కేఆర్ పురం మధ్య చిన్న ముక్క పూర్తికాక, అక్టోబరు దాకా జనం మధ్యలో దిగి బస్సెక్కాల్సి వచ్చింది. ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్రకు పోయే ఎల్లో లైను గడువుల మీద గడువులు దాటి 2025 ఆగస్టులో తెరుచుకుంది. మొదట్లో 25 నిమిషాలకు ఒక రైలే నడిచింది. కాబట్టి పని జరుగుతున్న లైను పేరు చెప్పి ధర పెంచితే ఆ పెంపు మీరు కట్టొద్దు.

స్టేషను దూరాన్ని మ్యాపులో చూసి ఊరుకోకండి. ఫ్లాటు గేటు నుంచి స్టేషను మెట్ల దాకా ఒకసారి నడవండి. 12 నిమిషాల్లోపు అయితే బాగుంది. 20 నిమిషాలు దాటితే ఆ ఇంటికి మెట్రో లేనట్టే అనుకోండి. దారిలో ఫుట్‌పాత్ ఉందా, చీకటి పడ్డాక ఆడపిల్ల ఒంటరిగా నడవగలదా చూడండి. తర్వాత ఏదైనా మంగళవారమో బుధవారమో ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడినుంచి ఆఫీసు వైపు బండి మీద వెళ్ళిరండి. వర్తూరు రోడ్డు, పణతూరు రైల్వే వంతెన కింది దారి లాంటిచోట్ల ఆదివారం పది నిమిషాల దూరం పనిరోజున ఎంతవుతుందో అప్పుడు తెలుస్తుంది.

తెలుగు కుటుంబాలకు అద్దెకివ్వాలనుకుంటే ఇంకొక్కటి చూడండి. శుక్రవారం రాత్రి చాలామంది ఊరికి బస్సెక్కేది మారతహళ్ళిలోనూ కేఆర్ పురంలోనూ. ఆ రెండు చోట్లకు తేలిగ్గా చేరగలిగే ఇల్లు మనవాళ్ళకు త్వరగా నచ్చుతుంది.

3. అడిగే అద్దె కాదు, కుదిరే అద్దె తెలుసుకోండి

వెబ్‌సైట్లలో కనిపించేది ఓనర్లు అడిగే మొత్తం. మీరు చూస్తున్న అపార్ట్‌మెంట్‌లోనూ, పక్క రెండింటిలోనూ గత ఆరు నెలల్లో అద్దెకు దిగిన ఐదు ఇళ్ళ అద్దె తెలుసుకోండి. సెక్యూరిటీ, ఇస్త్రీ బండి అతను, కిందనున్న కిరాణా కొట్టు, ఈ ముగ్గురినీ అడిగితే సరిపోతుంది. ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడింటి సగటు పట్టుకోండి. అందులో మెయింటెనెన్సు కలిసుందో విడిగానో కూడా అడగండి. నెలకు మూడు నాలుగు వేల తేడా అక్కడే వస్తుంది.

ఒక రాత్రి ఎనిమిదింటికి గేటు బయట నిలబడి లైట్లు వెలగని బాల్కనీలను లెక్కపెట్టండి. బట్టలు ఆరేసిన తీగ, పూలకుండీ, పిల్లల సైకిలు ఏదీ లేని బాల్కనీ ఖాళీ ఇంటిదే అనుకోవచ్చు. తర్వాత కర్ణాటక రెరా (నిర్మాణ ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) వెబ్‌సైటులో చుట్టూ రెండు కిలోమీటర్లలో రాబోయే ప్రాజెక్టులు, వాటి పూర్తి గడువులు చూడండి. ఒకే ఏడాదిలో వెయ్యి ఫ్లాట్ల తాళాలు చేతికొస్తే ఆ ఏడాది అద్దె పెంచే మాట మర్చిపోవాల్సిందే.

4. నీళ్ళు: ఇక్కడ తొందరపడకండి

బెంగళూరు శివార్లలో అద్దె ఇంటి బాగోగులను నిర్ణయించేది నీళ్ళే. 2024 వేసవిలో బోర్లు ఎండినప్పుడు అది అందరికీ తెలిసొచ్చింది. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం కావేరి నీటి పథకం ఐదో దశను 2024 అక్టోబరులో ప్రారంభించారు. రోజుకు 77.5 కోట్ల లీటర్లు దాని సామర్థ్యం. అయితే రోడ్డు కింద పైపు పడినంత మాత్రాన అపార్ట్‌మెంట్‌కు కనెక్షన్ వచ్చినట్టు కాదు. దానికి ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ డబ్బు కట్టాలి, అంత ఎందుకని వాయిదా వేసేవాళ్ళూ ఉంటారు. "కావేరి ఉందా?" అని అడిగితే "ఉంది" అనే అంటారు. గత మూడు నెలల కావేరి నీటి బిల్లులు చూపించమనండి.

బిల్లు లేకపోతే ట్యాంకరు లెక్క వేయండి. 100 ఫ్లాట్లు, ఇంటికి ముగ్గురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అంటే 40,500 లీటర్లు. అది 12,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ఐదు కిలోమీటర్లలోపు ఆ ట్యాంకరుకు 1,000 రూపాయల ధర కట్టింది. ఆ ధరకే దొరికినా బోర్లు పూర్తిగా ఎండితే ఫ్లాటుకు నెలకు 1,200 రూపాయలు పడుతుంది. ఎండాకాలంలో అంతకు దొరుకుతుందన్న హామీ లేదు. అసోసియేషన్ దగ్గర మార్చి, ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ల ఖర్చు అడిగి చూడండి. ఆ మూడు నెలల్లో మెయింటెనెన్సు ఉన్నట్టుండి పెరిగితే అద్దెకున్నవాళ్ళు వేరే ఇల్లు వెతకడం మొదలుపెడతారు.

నీటి నాణ్యతను ఇంట్లోనే పట్టుకోవచ్చు. బాత్రూములో షవర్ కింద నిలబడి పైకి చూడండి. రంధ్రాల చుట్టూ తెల్లటి గారకట్టి, నీరు నాలుగు పక్కలకూ వంకరగా చిమ్ముతుంటే అది బాగా గట్టి బోరునీరు. కుళాయిల మొదళ్ళలోనూ అదే తెలుపు కనిపిస్తుంది. గీజరు కాయిల్ తరచూ పోతుంది, ఆ ఖర్చు ఓనరుదే. నీటిలో కరిగిన లవణాలను (టీడీఎస్) కొలిచే చిన్న మీటరు కొన్ని వందలకే వస్తుంది, ఒకటి జేబులో పెట్టుకోండి. తాగునీటి టీడీఎస్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా. వాడకపు నీళ్ళే 1,500 చూపిస్తుంటే బేరంలో ఆ మాట ఎత్తాలి.

5. వాన పడ్డ మర్నాడు వెళ్ళండి

2022 సెప్టెంబరులో యెమలూరు, బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. చెరువులను కలిపే రాజకాలువలు మూసుకుపోవడం, వాటి పక్కన కట్టడాలు రావడమే దీనికి పెద్ద కారణం. కర్ణాటక భూసర్వే శాఖవారి దిశాంక్ యాప్‌లో మీరు నిలబడ్డచోటి సర్వే నంబరు కనిపిస్తుంది, చుట్టూ చెరువు, కాలువ ఎక్కడున్నాయో చూడొచ్చు. తర్వాత బేస్‌మెంట్‌లోకి దిగి గోడ మీద నీటి చార, ఒక ఎత్తు దాకా మాత్రమే కొత్తగా వేసిన రంగు ఉన్నాయేమో వెతకండి. జనరేటరు, లిఫ్టు ప్యానెల్ బేస్‌మెంట్‌లోనే ఉంటే ఒక్క వరదకే వారాలపాటు కరెంటు, లిఫ్టు ఉండవు. సంపులోకి మురుగు చేరిన అపార్ట్‌మెంట్ పేరు ఏరియా అంతా పాకుతుంది.

6. కాగితాలు

ఏరియా ఎంత బాగున్నా ఇక్కడ తేడా వస్తే వదిలేయండి. నగరంలో 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా (నగరపాలిక ఇచ్చే డిజిటల్ ఆస్తి రికార్డు) లేకుండా రిజిస్ట్రేషన్ జరగడం లేదు. అన్నీ సక్రమంగా ఉన్న ఆస్తికిచ్చే ఏ ఖాతాయా, అనుమతుల్లో లోపాలున్న ఆస్తికిచ్చే బీ ఖాతాయా చూసుకోండి. బీ ఖాతా మీద చాలా బ్యాంకులు అప్పివ్వవు, రేపు మీ దగ్గర కొనేవాళ్ళకూ అదే ఇబ్బంది. పంచాయతీ పరిధిలో అయితే పంచాయతీ ఆస్తి రికార్డులైన ఈ-స్వత్తు ఫారం 9, ఫారం 11 అడగండి, భూమికి కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చిన అనుమతి) ఉందో లేదో చూడండి.

భవనం ప్లాను ప్రకారం కట్టారని, నివాసానికి తగినదని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ తీసుకుని అందులోని అంతస్తులనూ కట్టిన అంతస్తులనూ లెక్కపెట్టండి. నాలుగుకు అనుమతి తెచ్చుకుని ఐదు వేసిన భవనాలు శివార్లలో తరచూ తగులుతాయి, పై అంతస్తు తక్కువ ధరకు వస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. సర్టిఫికెట్ లేని భవనాలకు నీళ్ళ, కరెంటు కనెక్షన్లు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖవారి కావేరి పోర్టల్‌లో దొరుకుతుంది. పాత రికార్డులకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే వెళ్ళాలి. ఇవన్నీ బిల్డరు చెప్పిన లాయరుకు కాకుండా మీరు పెట్టుకున్న లాయరుకు ఇవ్వండి.

7. చివరి లెక్క

ఉదాహరణకు ఫ్లాటు 70 లక్షలు. స్టాంపు డ్యూటీ, దాని మీద సెస్సు, సర్‌చార్జీ, 2025 ఆగస్టు 31 నుంచి రెండు శాతమైన రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.6 శాతం, అంటే 5,32,000. కప్‌బోర్డులు, కిచెన్, గీజర్లు, ఫ్యాన్లకు నాలుగున్నర లక్షలు. మొత్తం దాదాపు 80 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే మామూలుగా మరో 5 శాతం జీఎస్‌టీ, పైగా తాళాలు చేతికొచ్చేదాకా అద్దె సున్నా.

అద్దె 25,000 అనుకుందాం. ఏడాదికి ఒక నెల ఖాళీ వదిలేసి 2,75,000. ఆస్తిపన్ను 8,000, ఖాళీ నెల మెయింటెనెన్సు 3,500, రెండేళ్ళకోసారి రంగులకు 30,000లో సగం, అలాగే బ్రోకరుకిచ్చే నెల అద్దెలో సగం 12,500, చిల్లర రిపేర్లు 10,000. మిగిలేది 2,26,000, అంటే పెట్టిన 80 లక్షల మీద 2.8 శాతం. 56 లక్షల అప్పు 20 ఏళ్ళకు 8.5 శాతం మీద తీసుకుంటే ఈఎంఐ 48,600 దాకా. నెలనెలా 23,000కు పైగా మీ జీతంలోంచి వేసుకోగలరా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. "అద్దే ఈఎంఐ కట్టేస్తుంది" అనే మాట బెంగళూరులో నిజం కాదు.

అదే ఏరియాలో మెట్రోకు నడిచి వెళ్ళే దూరంలో, పదేళ్ళనాటి ఫ్లాటు 55 లక్షలకు దొరికి, అద్దె అంతే వస్తుంటే? రిజిస్ట్రేషను, రెండు లక్షల రిపేర్లు కలిపినా 61 లక్షలు. రాబడి 3.7 శాతానికి చేరుతుంది. అద్దె కోసమే కొనేవాళ్ళకు మా సలహా ఈ రెండో రకమే. దాని నీళ్ళ చరిత్ర, అసోసియేషన్ పనితీరు, వానాకాలం సంగతి అన్నీ అడిగితే తెలుస్తాయి, కొత్తదాంట్లో ఆ వీలుండదు.

అగ్రిమెంట్ 11 నెలలకు రాసుకుని, ఏటా 5 శాతం పెంపు అందులోనే పెట్టండి. ఒకప్పటి పది నెలల అడ్వాన్సు కోసం పట్టుబట్టి ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంచుకోవడం నష్టం. పెద్ద మొత్తం ఒకేసారి తీసుకుని నెల అద్దె లేకుండా ఇచ్చే లీజు పద్ధతి జోలికి పోకండి. గడువు తీరేరోజు ఆ డబ్బంతా మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఉన్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేయరు.