ఈపాస్ స్కాలర్‌షిప్ మధ్యలో ఆగకుండా చూసుకోవడం ఎలా?

అప్లికేషన్ పెట్టేశాం, ఇక అదే పడుతుందిలే అని వదిలేస్తే ముప్పే. తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను ఆర్టీఎఫ్ అంటారు, విద్యార్థి ఖర్చుల కోసం ఇచ్చేది ఎంటీఎఫ్. రెండూ ఒకే అప్లికేషన్ మీద నడుస్తాయి కాబట్టి దాంట్లో తేడా వస్తే రెండూ ఆగుతాయి.

ముందు పేరు సంగతి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే వెరిఫికేషన్‌లో ఇబ్బంది. ఇలాంటప్పుడు మెమో జోలికి పోకుండా, మెమో చూపించి ఆధార్‌నే సరిచేయించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా రెండుసార్లే ఉంటుంది, స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే సరే అనండి.

అసలు చిక్కంతా బ్యాంకు దగ్గరే. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు కోసం మాత్రమే కావచ్చు. ప్రభుత్వ డబ్బు ఆధార్ ఆధారంగా వచ్చేటప్పుడు బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో (ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే జాబితాలో) ఏ బ్యాంకు ఉంటే అక్కడికే వెళ్తుంది. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే, అదీ చివరగా లింకైనదే. కొత్త ఖాతా తెరిచేటప్పుడు 'ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాకే రావాలి' అన్న గడిలో టిక్ పెడితే మ్యాపింగ్ అటు మారిపోతుంది; డబ్బు పడిందంటారు, పాత పాస్‌బుక్‌లో మాత్రం కనిపించదు. మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగినై 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే బ్యాంకు పేరు, యాక్టివా కాదా అన్నదీ తెలుస్తాయి. వేరే బ్యాంకు ఉంటే మీకు కావలసిన బ్రాంచికి వెళ్లి 'డీబీటీ కోసం ఆధార్ సీడింగ్' (ప్రభుత్వ డబ్బు నేరుగా ఈ ఖాతాకు రావడానికి ఆధార్ జోడింపు) అని స్పష్టంగా రాసివ్వండి. ఊరికే లింక్ చేయమంటే మళ్లీ కేవైసీ చేసి పంపించేస్తారు.

రెండేళ్లకు పైగా లావాదేవీ లేని ఖాతా స్తంభించిపోతుంది, కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి. పూర్తి పత్రాలు లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో నిల్వ 50,000 రూపాయలు దాటకూడదు, ప్రభుత్వ సాయం జమకు మాత్రం ఈ పరిమితి అడ్డు కాదు. అయినా వీలైతే మామూలు పొదుపు ఖాతాగా మార్పించుకోండి. కమీషన్ ఇస్తామంటే ఖాతాను వేరొకరికి వాడుకోనిచ్చే కుర్రాళ్లున్నారు. సైబర్ కేసులో ఆ ఖాతా ఫ్రీజ్ అయితే స్కాలర్‌షిప్పూ అందులోనే ఇరుక్కుంటుంది.

కుటుంబ వార్షిక ఆదాయ పరిమితి బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు) గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. అడ్మిషన్ల రోజుల్లో తహసీల్దార్ ఆఫీసులో రద్దీ ఎక్కువ, ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో ముందే దరఖాస్తు చేసుకోండి.

ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టగానే పని అయిపోదు. వేలిముద్ర వేయాలి, ప్రింటు, జిరాక్సులు కాలేజీలో ఇవ్వాలి, కాలేజీ దాన్ని పైకి పంపాలి. స్టేటస్‌లో కాలేజీ దగ్గరే పెండింగ్ అని ఉంటే స్కాలర్‌షిప్ క్లర్కును అడగండి, జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. మొదటి సంవత్సరం ఇంత జాగ్రత్తగా చేసినవాళ్లు కూడా రెండో ఏడు రెన్యువల్ మరిచిపోతుంటారు. హాజరు 75 శాతం తప్పనిసరి.

స్కాలర్‌షిప్ శాంక్షనైంది, ఓటీపీ చెప్పండి అని ఫోనొస్తే పెట్టేయండి. ఏ శాఖా అలా అడగదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కాలేజీ ముందుగా ఫీజు కట్టించుకుంటే 'ట్యూషన్ ఫీజు' అని, విద్యా సంవత్సరంతో సహా రాసిన రసీదు తీసుకోండి. వట్టి 'ఫీజు' అని రాసిన కాగితం పట్టుకెళ్లి, ఆర్టీఎఫ్ వచ్చాక కట్టిన డబ్బు తిరిగి అడిగితే, అది బస్సుకో ల్యాబుకో కట్టిందంటారు.