గ్రిల్డ్ శాండ్‌విచ్ ముద్దయితే, మాడితే, విచ్చుకుపోతే

పైన కరకర, లోపల ముద్ద

రాత్రి దోసెకు బదులు శాండ్‌విచ్ వేసినప్పుడు ముందు వచ్చే చిక్కు ఇదే. మంటను తిట్టుకోకండి, తప్పు నీళ్లది.

మదనపల్లె నుంచి తిరుపతికొచ్చే టమాటా బాగా పండితే గింజల చుట్టూ రసమే రసం. కాయను నిలువునా నాలుగు చీలికలు చేసి గింజల భాగం చెంచాతో గీకేయండి (చారులోకి పనికొస్తుంది). మిగిలిన కండను సన్నగా కోసి 5 నిమిషాలు గుడ్డ మీద పరచండి. ఉప్పు మాత్రం బ్రెడ్డు మూసే ముందే. ముందుగా చల్లితే కీరా, ఎర్రగడ్డ నీరు వదిలేస్తాయి.

చట్నీ ఇడ్లీకి రుబ్బినంత పలుచగా ఉంటే పని చెడినట్టే. చెంచా వంచినా జారకూడదు. ఆ లెక్కన పుదీనా చట్నీ కన్నా మన ఊరిబిండి మేలు: వేయించిన చెనిగ్గింజలు 100 గ్రాములు, ఎండుమిరపకాయలు 6, గోలీ అంత చింతపండు, ఉప్పు వేసి బరకగా నూరండి. నీళ్లు రెండు మూడు చెంచాలు దాటొద్దు.

ఉర్లగడ్డ కూర పూర్తిగా చల్లారాకే పెట్టాలి. వేడి మీద పెడితే ఆవిరంతా బ్రెడ్డుకే. ఏం పెట్టినా, బ్రెడ్డు లోపలి వైపు అంచుల దాకా వెన్న పూయండి, తడి లోపలికి దిగనీయదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న గట్టిగా ఉండి బ్రెడ్డును చింపుతుంది, అరగంట ముందే బయట పెట్టుకోండి.

దించేటప్పుడు బాగుండి, పళ్లెంలో మెత్తబడుతోంది

కింద ఆవిరి చేరుతోంది. జల్లెడ బోర్లించి దాని మీద పెట్టండి. ఒకదానిపై ఒకటి పేర్చొద్దు.

బ్రెడ్డు మాడింది, చీజ్ కరగలేదు

పెనం మరీ కాలింది. నీటి చుక్క వేసి చూడండి: చిటపటమని ఇగిరిపోతే సరే, గోలీలా దొర్లితే వేడి ఎక్కువ. మంట తగ్గించి, మూత పెట్టి, ఒక్కో వైపు 3, 4 నిమిషాలు కాల్చండి. తీపి బ్రెడ్డు చక్కెర వల్ల తొందరగా నల్లబడుతుంది, దానికి మంట ఇంకా సన్నగా ఉండాలి. పైన పూసిన వెన్న మాడి చేదెక్కుతుంటే బయటి వైపుకు నెయ్యి వాడండి, అందులో మాడే పాల పదార్థం ఉండదు.

పనీర్ పెట్టి కరగలేదని చూస్తూ కూర్చోకండి, అది కరిగే రకం కాదు.

కోస్తే అంతా బయటపడుతోంది

కూర ఎక్కువైంది. రెండు చెంచాలు చాలు. కూరకు కిందా పైనా చీజ్ వేస్తే అదే బంకలా పట్టి ఉంచుతుంది. దించాక ఒక నిమిషం ఆగి, రంపపు పళ్లున్న కత్తితో నొక్కకుండా కోయండి.