ఉడ్‌వర్డ్ అవెన్యూ రాత్రుల జ్ఞాపకాలను రాసిపెట్టడం ఎలా

అమెరికాలో మజిల్ కార్లు, అంటే మధ్యస్థాయి ఒంటికి పెద్ద శక్తిమంతమైన ఇంజిన్ బిగించిన కార్లు, షోరూములకు కొత్తగా వస్తున్న కాలంలో, అంటే సుమారుగా 1964 నుంచి 1971 వరకు, వాటిని నడిపిన కుర్రవాళ్లు ఇప్పుడు ఎనభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్నారు. ఆ కార్ల గురించి పుస్తకాలకూ పత్రికలకూ వేలంపాటల జాబితాలకూ కొదవ లేదు. వాటిని డెట్రాయిట్ ప్రాంతపు ఉడ్‌వర్డ్ అవెన్యూ వంటి రోడ్ల మీద రాత్రిపూట పందేనికి దింపిన మనుషుల మాటలు మాత్రం చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. ఆ పందేలు చట్టవిరుద్ధమైనవి కనుక వాటికి నిర్వాహకులు లేరు, ఫలితాల పట్టికలు లేవు, పాల్గొన్నవారు సంతకం చేసిన కాగితం ఒక్కటి కూడా లేదు. మీ పరిచయస్థుల్లో అటువంటి పెద్దవారు ఉంటే, వారి జ్ఞాపకాలను ఎలా రాబట్టాలో, ఎలా సరిచూడాలో, ఎలా భద్రపరచాలో ఇక్కడ చెబుతాను. యంత్రం గురించి అడిగితే మనిషి కథ దానంతట అదే వస్తుందన్నది ఈ పని అంతటికీ ఆధారం.

మొదటి సంభాషణకు ముందే కాలక్రమాన్ని ఒక కాగితం మీద రాసుకొని దగ్గర ఉంచుకోండి. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ తన విభాగాలన్నీ రేసింగ్ నుంచి తప్పుకోవాలని ఆదేశించింది. మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ ఉండరాదన్న నియమం కూడా ఆ సంస్థలో అప్పటికే ఉండేది. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ను టెంపెస్ట్ కారులో ప్రత్యేక మోడల్‌గా కాక అదనపు సదుపాయంగా అమ్మి, ఆ నియమాన్ని పక్కకు తప్పించింది. అదే 1964 జీటీఓ. నాలుగు బ్యారెళ్ల కార్బొరేటర్‌తో 325 హార్స్‌పవర్, మూడు కార్బొరేటర్ల ట్రై-పవర్‌తో 348 హార్స్‌పవర్ అని ప్రకటించారు. మొదటి సంవత్సరమే ముప్పై రెండు వేలకు పైగా అమ్ముడుపోవడంతో మిగిలిన కంపెనీలు వెంటపడ్డాయి. 1966లో క్రైస్లర్ 426 హెమీ అనే ఇంజిన్‌ను 425 హార్స్‌పవర్ లెక్కన వీధి కార్లలోకి తెచ్చింది. 1968లో ప్లిమత్ రోడ్ రన్నర్ 383 ఇంజిన్‌తో, మూడు వేల డాలర్ల లోపు మూలధరతో కుర్రవాళ్ల జేబుకు అందింది. 1970లో జనరల్ మోటార్స్ తన ఇంజిన్ పరిమితిని ఎత్తివేయగా ఆ సంస్థ షెవ్రోలే విభాగం నుంచి 450 హార్స్‌పవర్ చెవెల్ ఎల్‌ఎస్6 వచ్చింది. మరుసటి సంవత్సరమే తక్కువ సీసం ఉన్న పెట్రోలు కోసం ఆ సంస్థ ఇంజిన్ల కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఇంధన మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి, తగ్గించింది. 1972 నుంచి హార్స్‌పవర్‌ను నెట్ పద్ధతిలో, అంటే కారులో ఉండే అనుబంధ పరికరాలన్నీ ఇంజిన్‌కు తగిలించి కొలిచి, ప్రకటించడంతో కాగితం మీద అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. ఈ వరుస మీ చేతిలో ఉంటే, ఎవరైనా తన 1972 కారుకు కంపెనీ 450 హార్స్‌పవర్ ఇచ్చిందని చెప్పినప్పుడు సంవత్సరం తప్పో అంకె తప్పో మర్యాదగా అడగగలుగుతారు.

కాలంతో పాటు చోటు కూడా తెలిసి ఉండాలి. మిచిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నది దగ్గర మొదలై పాంటియాక్ నగరం వరకు సుమారు 27 మైళ్లు సాగే ఉడ్‌వర్డ్ అవెన్యూ ఈ జ్ఞాపకాలకు కేంద్రం. మధ్యలో డివైడర్, ఒక్కో వైపు అనేక వరుసలు, దూరదూరంగా సిగ్నళ్లు, దారి పొడవునా కారులోనే కూర్చుని తినే డ్రైవ్-ఇన్‌లు ఉండేవి. రాయల్ ఓక్‌లో టోటెమ్ పోల్, బ్లూమ్‌ఫీల్డ్ వైపు టెడ్స్ అనే పేర్లు చాలామంది నోట వినిపిస్తాయి. రాయల్ ఓక్‌లోనే ఉన్న రాయల్ పాంటియాక్ అనే డీలర్ జీటీఓలను బాబ్‌క్యాట్ ప్యాకేజీ పేరుతో మరింత వేగంగా తయారు చేసి అమ్మేవాడు. కార్ల కంపెనీల కార్యాలయాలు సమీపంలోనే ఉన్నందున ఇంజినీర్లు కూడా ఆ రోడ్డు మీద తమ కార్లను పరీక్షించేవారన్నది ప్రసిద్ధమే. మీ పెద్దమనిషి వేరే ఊరివాడైతే ఆ ఊరి రోడ్డే ఉడ్‌వర్డ్ అవుతుంది. లాస్ ఏంజెలెస్‌వారికి బుధవారం రాత్రుల వాన్ నైస్ బులెవార్డ్, న్యూయార్క్ క్వీన్స్‌వారికి కనెక్టింగ్ హైవే ఉన్నాయి. ఏ రోడ్డైనా సరే, దాని ముద్రిత పటాన్ని బల్లమీద పరచి చేతికి పెన్సిల్ ఇవ్వండి. ఏ సిగ్నల్ నుంచి ఏ సిగ్నల్ వరకు పరుగు తీసేవారో, ఎక్కడ వెనక్కి తిరిగేవారో, పోలీసు కారు ఎక్కడ ఆగి ఉండేదో వేలు పటం మీద కదులుతున్నప్పుడు గుర్తుకు వచ్చినట్లు వట్టి మాటల్లో గుర్తుకు రాదు.

ప్రశ్నల విషయంలోనే ఎక్కువమంది తడబడతారు. "ఆ రోజులు ఎలా ఉండేవి?" అని అడిగితే, అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయిన కథే మీకూ దక్కుతుంది. దానికి బదులు కార్బొరేటర్ ఎవరిది, హోలీయా కార్టరా, దాన్ని ఎవరు సరిచేసేవారు, ఎక్కడ నిలబెట్టి సరిచేసేవారు అని అడగండి. వెనుక ఇరుసు గేరు నిష్పత్తి ఎంత, 3.90నా 4.11నా, దాన్ని కంపెనీ వేసిందా, తరువాత మార్చారా, మార్చడానికి డబ్బు ఎక్కడిది అని అడగండి. ఇరుసు దగ్గర మొదలైన జవాబు తండ్రి కోపం మీదుగానో, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మీదుగానో, గ్యారేజీ ఇచ్చిన స్నేహితుడి మీదుగానో వెళుతుంది. అలా వెళ్లినప్పుడు అడ్డుపడకండి, తరువాతి ప్రశ్న ఎంత సిద్ధంగా ఉన్నా సరే. పెట్రోలు గురించి తప్పక అడగాలి. సునోకో బంకుల్లో మీట తిప్పి ఆక్టేన్ స్థాయిని ఎంచుకునే పంపులు ఉండేవి, వాటిలో అన్నిటికంటే పైది 260. ఆ అంకె వినగానే చాలామంది ముఖంలో మార్పు కనిపిస్తుంది.

పందెం ఎలా మొదలయ్యేదో అడిగేటప్పుడు అడుగడుగునా విడమరిచి చెప్పించండి. ఎరుపు లైటు దగ్గర ఇద్దరు డ్రైవర్లు ఒకరినొకరు చూసుకున్నాక ఏం సైగ చేసేవారు, మూడు హారన్లతో కదిలే కార్ల నుంచే మొదలుపెట్టేవారా, లేక ఎవరైనా మధ్యలో నిలబడి చెయ్యి దించేవారా, డబ్బు ఎవరి దగ్గర ఉంచేవారు, అవతలి కారు మూత కింద ఏముందో ముందే ఎలా పసిగట్టేవారు అన్నవి ఏ పత్రికలోనూ సరిగ్గా దొరకని వివరాలు. పక్క సీట్లో కూర్చున్నవారినీ, స్త్రీలనూ మరచిపోవద్దు. 1966లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగే వింటర్‌నేషనల్స్ డ్రాగ్ పందేల్లో షర్లీ షహాన్ అనే మహిళ స్టాక్ విభాగం గెలిచిన కాలమది. ఆడవాళ్లు చూడటానికే వచ్చేవారన్న ఊహతో వెళితే సగం కథ పోతుంది.

ఇక సరిచూడటం. పెద్దవారిని తప్పుపట్టడానికి కాదు, రాసిన దానికి విలువ ఉండటానికి ఇది అవసరం. కారు ఎప్పుడో అమ్మేసినా పాత రిజిస్ట్రేషన్, బీమా కాగితం, కొనుగోలు రసీదు ఏదో ఒక డబ్బాలో ఉండవచ్చు. వాటి మీద ఉన్న గుర్తింపు సంఖ్య చాలా చెబుతుంది. 1981కి ముందు 17 అక్షరాల ఉమ్మడి పద్ధతి లేదు, ప్రతి కంపెనీకి తన లెక్క ఉండేది. 1966 నుంచి 1971 వరకు జీటీఓ సంఖ్య 242తో మొదలవుతుంది. 1964, 1965 జీటీఓలు మాత్రం అదనపు సదుపాయం కిందివి కనుక సంఖ్యను బట్టి తెలియవు, పాంటియాక్ రికార్డుల నకళ్లు ఇచ్చే పీహెచ్‌ఎస్ సంస్థను ఆశ్రయించాలి. 1966 నుంచి 1968 వరకు చెవెల్ ఎస్‌ఎస్ 396 సంఖ్య 138తో మొదలవుతుంది, 1969 నుంచి ఆ సౌకర్యం పోయింది. 1970 క్రైస్లర్ కార్లలో అయిదో స్థానంలో ఆర్ అనే అక్షరం ఉంటే అది హెమీ. 1967 నుంచి ఫోర్డ్ కార్లకు కంపెనీ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ నివేదిక దొరుకుతుంది. కారు ఇంకా ఇంట్లోనే ఉంటే సీటు స్ప్రింగుల్లో, పెట్రోలు ట్యాంకు పైభాగాన ఫ్యాక్టరీ బిల్డ్ షీటు, అంటే ఆ కారుకు ఏ భాగాలు బిగించాలో రాసిన కాగితం, ఇరుక్కుని ఉందేమో వెతకండి. చేతికి తగిలితే లాగవద్దు, ఆ కాగితం ముట్టుకుంటే పొడి అయ్యే స్థితిలో ఉంటుంది.

వేగం గురించిన మాటలను లెక్కతో చూడవచ్చు. ఇంజిన్ నిమిషపు చుట్లను టైరు వ్యాసంతో, అంగుళాల్లో, గుణించి, ఆ ఫలితాన్ని ఇరుసు నిష్పత్తిని 336తో గుణించగా వచ్చిన దానితో భాగిస్తే నాలుగో గేరులో గంటకు ఎన్ని మైళ్లో వస్తుంది. 5,500 చుట్లు, 27 అంగుళాల టైరు, 4.11 ఇరుసు అయితే సుమారు 107 మైళ్లు. అదే కారు 140 మైళ్లు అందుకుందంటే ఇంజిన్ ఏడు వేల చుట్లు దాటి ఉండాలి. మార్పులు చేయని ఆనాటి వీధి ఇంజిన్లలో చాలావాటికి అది సాధ్యం కాదు. సెకన్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. రోడ్డు మీద గడియారం పట్టినవారు దాదాపు లేరు, ఎన్ని కారు పొడవుల తేడాతో గెలిచామన్నదే లెక్క. కాబట్టి "పన్నెండున్నర సెకన్లు" అని ఎవరైనా అంటే అది డెట్రాయిట్ డ్రాగ్‌వే వంటి స్ట్రిప్ మీద, అంటే చట్టబద్ధమైన పందెపు దారి మీద, పావు మైలు (1,320 అడుగుల) పరుగుకు ఇచ్చిన సమయపు చీటీలోని అంకె అయి ఉండవచ్చు. ఆ చీటీ ఉందా అని అడగండి.

ఆనాటి పత్రికలను కూడా గుడ్డిగా నమ్మవద్దు. 1964 మార్చి కార్ అండ్ డ్రైవర్ పత్రిక జీటీఓ పావు మైలును 13.1 సెకన్లలో దాటిందని అచ్చువేసింది. పరీక్షకు ఇచ్చిన కారులో 389 స్థానంలో 421 ఇంజిన్ ఉందని పాంటియాక్ ప్రచార వ్యవహారాలు నడిపిన జిమ్ వాంగర్స్ చాలా ఏళ్ల తరువాత బయటపెట్టారు. అచ్చులో ఉన్న అంకె కన్నా వయసు మళ్లిన మనిషి చెప్పిన పదిహేను సెకన్లే నిజానికి దగ్గరగా ఉండే సందర్భాలు ఉంటాయని దీన్నిబట్టి గ్రహించవచ్చు. జ్ఞాపకానికీ రికార్డుకూ తేడా వస్తే రెంటినీ రాయండి, ఒకదాన్ని కొట్టివేయకండి.

కారు ఎందుకు పోయిందన్న ప్రశ్నను చివరికి ఉంచుకోవాలి. కుర్రవాళ్ల వేగపు కార్ల మీద బీమా కంపెనీలు పెంచిన ప్రీమియం, పెళ్లి, 1973 అక్టోబరు చమురు ఆంక్షలు సాధారణంగా వినిపించే కారణాలు. వియత్నాం మరొకటి. 1969 డిసెంబరు 1న సైనిక పిలుపు లాటరీలో పుట్టినతేదీలు తీశారు, ఆ వయసువారిలో చాలామందికి తమ సంఖ్య ఇప్పటికీ గుర్తే. పందేల్లో ప్రాణాలు పోయిన సంగతి కూడా ఈ దశలోనే వస్తుంది. అది వచ్చినప్పుడు కాసేపు నిశ్శబ్దంగా ఉండండి, రికార్డింగ్ ఆపమంటే వెంటనే ఆపండి. చనిపోయినవారి పేర్లు, పట్టుబడ్డవారి పేర్లు, చట్టాన్ని తప్పించుకున్నవారి పేర్లు వారి కుటుంబాల అనుమతి లేకుండా ప్రతిలోకి రానీయవద్దు. ఆ పందేలను వీరగాథగా రాయాలన్న ఉబలాటాన్ని కూడా అదుపులో పెట్టుకోవాలని నా అభిప్రాయం. అదే రోడ్డు మీద ఏ సంబంధమూ లేని మనుషులు తమ పిల్లలతో ఇళ్లకు వెళ్లేవారు.

సాంకేతికంగా చెప్పవలసింది తక్కువే. ఫోన్ సరిపోతుంది, కాలరుకు తగిలించే మైక్ ఉంటే మేలు. ఒక విడతకు గంటన్నర మించవద్దు. ఇంజిన్ నడుస్తున్న కారు పక్కన రికార్డు చేస్తే మాట మునిగిపోతుంది కనుక ఆ శబ్దాన్ని విడిగా తీసుకోండి. ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేసి, నంబరు పలక మీద కనిపించే రాష్ట్రాన్నీ సంవత్సరాన్నీ ఫైలు పేరులోనే రాయండి. ఫొటో వెనుక రాయవలసివస్తే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలి. రికార్డు చేసిన మాటలను కాగితం మీద పెట్టేటప్పుడు ఆయన భాషను దిద్దవద్దు, మీ వివరణను పేజీ అడుగున ఇవ్వండి.

పూర్తయిన ప్రతిని ఆయనకు చదివి వినిపించి, దిద్దుబాట్లు తీసుకొని, ఎవరు చూడవచ్చో తెలిపే అనుమతి పత్రం మీద సంతకం చేయించుకోండి. ఒక ప్రతి కుటుంబానికి ఇచ్చి, మరొకటి ఆ ప్రాంత చరిత్ర సంఘానికో, డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలోని నేషనల్ ఆటోమోటివ్ హిస్టరీ కలెక్షన్‌కో ఇవ్వవచ్చునేమో ముందుగా ఉత్తరం రాసి కనుక్కోండి. అడగకుండా పెట్టె పంపితే అది ఎవరి బల్లమీదా చేరకపోవచ్చు.