ఇంటి కంప్యూటర్ రిపేరు – 7వ పాఠం: బ్రౌజర్ తెరిస్తేనే స్క్రీన్ మినుకుమంటుంటే

పోయిన పాఠంలో డివైస్ మేనేజర్ తెరిచి గ్రాఫిక్స్ డ్రైవర్ (విండోస్‌కూ గ్రాఫిక్స్ చిప్‌కూ మధ్య పని నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్, తేదీ కాగితం మీద రాసిపెట్టుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. 5వ పాఠంలో చెప్పిన రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ను పాత స్థితికి తిప్పడానికి పెట్టుకునే గుర్తు) ఇంకా పెట్టనివాళ్లు ముందు అది పెట్టి రండి. ఈ పాఠంలో ఒకచోట విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో చెయ్యి పెట్టాల్సి రావచ్చు.

సమస్య ఇలా ఉంటుంది. డెస్క్‌టాప్‌లో వర్డ్, ఎక్సెల్ అన్నీ మామూలుగానే నడుస్తుంటాయి. క్రోమ్ తెరిచి యూట్యూబ్ పెట్టగానే స్క్రీన్ కొట్టుకోవడం మొదలవుతుంది. బ్రౌజర్ మూసేస్తే ఆగిపోతుంది. షాపుకు తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టాలి" అంటారు, లేదా "కార్డు పోయింది" అంటారు. ఏ పరీక్షా చేయకుండా ఈ రెండు మాటల్లో దేన్నీ ఒప్పుకోవద్దు. ఫార్మాట్ చేశాక కొన్నాళ్లు బాగానే ఉండొచ్చు. కానీ విండోస్ అప్‌డేట్ మళ్లీ అదే డ్రైవర్‌ను తెచ్చి పెడితే సమస్య కూడా వెనక్కి వస్తుంది. ఈలోగా మీ ఫైళ్లు, సాఫ్ట్‌వేర్లు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు పోయి ఉంటాయి.

మిగతా ప్రోగ్రాములకు రానిది బ్రౌజర్‌కే ఎందుకు వస్తుంది? మామూలు ఆఫీసు పనితో పోలిస్తే బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్‌ను చాలా ఎక్కువగా వాడుకుంటుంది. క్రోమ్‌లో దీనికోసం ఒక ప్రత్యేక ప్రాసెస్ ఉంటుంది. క్రోమ్ తెరిచి షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో జీపీయూ ప్రాసెస్ అని కనిపిస్తుంది (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్పే). పేజీని ముక్కలుగా గీయడం, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చడం, వీడియోను డీకోడ్ చేయించడం అంతా దాని చేతుల మీదుగానే జరుగుతుంది. అది క్రాష్ అయితే బ్రౌజర్ కిటికీ ఒక్కసారి నల్లబడి మళ్లీ వస్తుంది. అది ఇచ్చిన బొమ్మను విండోస్‌లోని డెస్క్‌టాప్ విండో మేనేజర్ మిగతా కిటికీలతో కలిపి డ్రైవర్‌కు అందిస్తుంది, డ్రైవర్ మానిటర్‌కు పంపిస్తుంది. అంటే మీ కంటికి చేరేలోపు బొమ్మ బ్రౌజర్, విండోస్, డ్రైవర్, కేబుల్, మానిటర్ అనే ఐదు చేతులు మారుతుంది. ఎక్కడ తడబడుతోందో కనిపెట్టడమే ఈ పాఠం పని.

ముందు ఏమీ మార్చకుండా చూడండి. మినుకు బ్రౌజర్ కిటికీకే పరిమితమా, కింద టాస్క్‌బార్ కూడా కొట్టుకుంటోందా? వీడియో నడిచేటప్పుడే వస్తోందా, స్క్రోల్ చేసినా వస్తోందా? స్క్రీన్ పూర్తిగా నల్లబడి తిరిగొస్తోందా, వెలుతురు మాత్రమే హెచ్చుతగ్గులవుతోందా? జవాబులు అదే కాగితం మీద రాయండి. రాయడం చాదస్తం అనిపించవచ్చు గానీ, మూడు సెట్టింగులు మార్చాక మొదట్లో ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు.

మొదటి పరీక్ష. మినుకు వస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి విండోస్ టాస్క్ మేనేజర్ తెరవండి. దాన్ని సగం బ్రౌజర్ మీద, సగం బయట ఉండేలా జరపండి. మిగతా స్క్రీన్‌తో పాటు టాస్క్ మేనేజర్ కూడా మినుకుమంటే అనుమానం డ్రైవర్ మీదికి పోవాలి. అది నిలకడగా ఉండి మిగతావి మాత్రమే కొట్టుకుంటుంటే అనుమానం ప్రోగ్రామ్ మీదికి, అంటే బ్రౌజర్ మీదికి పోవాలి. మైక్రోసాఫ్ట్ కూడా స్క్రీన్ మినుకుకు ఈ పరీక్షనే మొదట చేయమంటుంది.

రెండో పరీక్ష. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే భాగానికి వెళ్లి "యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్" అన్న స్విచ్ ఆఫ్ చేసి, రీలాంచ్ నొక్కండి. పాత వెర్షన్లలో గ్రాఫిక్స్ అన్నచోట హార్డ్‌వేర్ అని ఉంటుంది. ఎడ్జ్‌లో కూడా సెట్టింగ్స్‌లోని సిస్టమ్ భాగంలోనే దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే జనరల్ కింద పెర్ఫార్మెన్స్ దగ్గర రికమెండెడ్ సెట్టింగ్స్ టిక్ తీసేస్తేనే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ టిక్ బయటపడుతుంది. మినుకు ఆగిందా? చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. దయచేసి మీరు అలా ఆగిపోకండి. ఈ స్విచ్ ఆఫ్ చేస్తే గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన పని ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. వీడియో పెడితే ప్రాసెసర్ వాడకం పెరుగుతుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, పాత డెస్క్‌టాప్ అయితే వీడియో ఆగి ఆగి వస్తుంది. రోగం బ్రౌజర్‌కూ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ మధ్య ఉందని ఈ పరీక్ష చెప్పింది, అంతే. స్విచ్ మళ్లీ ఆన్ చేసి ముందుకు వెళ్దాం.

మూడో పరీక్ష, వేరే బ్రౌజర్. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా మూడూ క్రోమ్ లాగే క్రోమియం అనే ఒకే పునాది మీద కట్టినవే. క్రోమ్‌లో వచ్చిన మినుకు ఎడ్జ్‌లోనూ వచ్చిందంటే పెద్దగా తెలిసేదేమీ లేదు. ఫైర్‌ఫాక్స్ బొమ్మ గీసే ఇంజన్ వేరు కాబట్టి పోలికకు అదే సరైనది. ఫైర్‌ఫాక్స్‌లోనూ మినుకు వస్తే డ్రైవర్ లేదా విండోస్ వైపు చూడాలి. క్రోమియం కుటుంబంలోనే వస్తే ఒక ప్రయత్నం మిగిలింది. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, ఫ్లాగ్స్ అని కొట్టి, వెతికే పెట్టెలో యాంగిల్ అని వెతకండి. "చూజ్ యాంగిల్ గ్రాఫిక్స్ బ్యాకెండ్" అని వస్తుంది. బ్రౌజర్ ఇచ్చే గ్రాఫిక్స్ ఆదేశాలను డ్రైవర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే భాగం ఇది. విండోస్‌లో మామూలుగా డైరెక్ట్‌త్రీడీ 11 వాడుతుంది. దాన్ని ఓపెన్‌జీఎల్‌కు మార్చి చూడండి. మినుకు తగ్గకపోతే తిరిగి డిఫాల్ట్‌కు పెట్టేయండి.

ఇప్పుడు డ్రైవర్. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే స్క్రీన్ ఒక్క క్షణం పోయి, బీప్‌మని, డ్రైవర్ కొత్తగా మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు. దీంతో కాసేపు తగ్గి మళ్లీ వస్తే డ్రైవర్ మీద అనుమానం బలపడినట్టే. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి, 4101 నంబరున్న డిస్‌ప్లే ఈవెంట్లు ఉన్నాయేమో చూడండి. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లలో స్పందించకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేసి ఆ నంబరుతో రాసిపెడుతుంది. ఆ ఈవెంట్ సమయమూ మీ స్క్రీన్ నల్లబడిన సమయమూ ఒకటైతే గ్రాఫిక్స్ వైపే సమస్య ఉందనడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

అప్పుడు మీ కాగితం తీయండి. మినుకు మొదలైన రోజులకు కాస్త ముందే డ్రైవర్ మారిందా? మారితే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్‌కు వెళ్లి రోల్ బ్యాక్ చేయండి, అంటే పాత డ్రైవర్‌కు తిరిగి వెళ్లండి. మారకపోతే ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్‌లలో మీ చిప్ ఎవరిదైతే వాళ్ల సైటు నుంచే కొత్తది దించుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. ఈ విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను, ఒక సమస్య కోసం వాటిని పెట్టుకుని నాలుగు కొత్తవి తెచ్చుకున్నవాళ్లను చూశాను.

డ్రైవర్ సరైనదే అయినా వీడియో నడిచేటప్పుడు మాత్రమే మినుకు వస్తోందా? రెండు మానిటర్లున్నాయా? ఒకటి 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది), ఇంకొకటి 60 హెర్ట్జ్ అయితే ఇంకా జాగ్రత్తగా చదవండి. విండోస్ 8.1 నుంచి మల్టీప్లేన్ ఓవర్‌లే అనే ఏర్పాటు ఉంది. వీడియో బొమ్మను డెస్క్‌టాప్ విండో మేనేజర్ కలపకుండా, విడి పొరగా గ్రాఫిక్స్ చిప్‌కే వదిలేసి, బయటికి పంపేటప్పుడే కలిపించడం దీని ఉద్దేశం. దానివల్ల కరెంటు, శ్రమ ఆదా అవుతాయి. కానీ కొన్ని డ్రైవర్లతో, కొన్ని మానిటర్ జతలతో పొర పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ స్క్రీన్ ఒక్కసారి మినుకుమంటుంది, నల్లబడుతుంది. వీడియో మీద మౌస్ పెట్టగానే కంట్రోల్స్ పైకి వస్తాయి చూడండి, సరిగ్గా అప్పుడే మినుకు వస్తే నేను మొదట అనుమానించేది దీన్నే.

ముందు తేలిక మార్గం. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్లి రెండు మానిటర్లనూ 60 హెర్ట్జ్‌కు పెట్టి చూడండి. ఒక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు, ఇంకొకటి మదర్‌బోర్డుకు పెట్టి ఉంటే రెండూ కార్డుకే మార్చండి. సీపీయూ వెనక్కి తొంగి చూసే అలవాటు లేక చాలా ఇళ్లలో ఇది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. వీటితో తగ్గకపోతే ఓవర్‌లే ఆపాలి. ఆపడానికీ తిరిగి పెట్టడానికీ ఎన్‌విడియా తన సపోర్ట్ పేజీలో రెండు రిజిస్ట్రీ ఫైళ్లు ఉంచింది. చేత్తో చేసేవాళ్లు రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, డీడబ్ల్యూఎం వరకు వెళ్లి, ఓవర్‌లేటెస్ట్‌మోడ్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో ఒకే మాటగా రాసి, డీవర్డ్ విలువ 5 ఇచ్చి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఫలితం లేకపోతే ఆ విలువ తీసేయండి. ఎందుకు పెట్టామో తెలియని మార్పులు కంప్యూటర్‌లో మిగలకూడదు.

జీసింక్ లేదా ఫ్రీసింక్ (బొమ్మలు వచ్చే వేగాన్ని బట్టి మానిటర్ రిఫ్రెష్ రేటును మార్చే ఏర్పాటు) ఉన్న మానిటర్ వాళ్లకు ఇంకో కారణం ఉంది. రిఫ్రెష్ రేటు కిందికీ పైకీ మారుతుంటే కొన్ని ప్యానెళ్లలో, ముఖ్యంగా వీఏ, ఓలెడ్ రకాల్లో, వెలుతురు కూడా కొద్దిగా ఊగుతుంది. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో జీసింక్‌ను కిటికీలకు తీసేసి ఫుల్ స్క్రీన్‌కు మాత్రమే ఉంచండి. ఫుల్ స్క్రీన్‌లో ఆడే ఆటలకు ఏ లోటూ రాదు, బ్రౌజర్ ప్రశాంతంగా ఉంటుంది.

కొన్ని చూడటానికి మినుకులా ఉంటాయి గానీ కావు. తెల్ల పేజీ నుంచి నల్ల పేజీకి వెళ్లినప్పుడు స్క్రీన్ మొత్తం మెల్లగా మసకబారితే, మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్ లేదా డీసీఆర్ ఆపండి. పేజీ మారినప్పుడల్లా తెల్లటి మెరుపు కనిపిస్తే డార్క్ మోడ్ ఎక్స్‌టెన్షన్ పని కావచ్చు. ఇన్‌కాగ్నిటో కిటికీలో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా నడవవు కాబట్టి అక్కడ చూస్తే తేలిపోతుంది. ఎడ్జ్‌లో నెట్‌ఫ్లిక్స్ లాంటివి మొదలుపెట్టగానే ఒకే ఒక్కసారి నల్లబడి తిరిగొస్తే కంప్యూటరూ మానిటరూ కాపీ రక్షణ కోసం ఒకదాన్నొకటి సరిచూసుకుంటున్నాయన్నమాట. టెన్షన్ పడాల్సింది లేదు. పదేపదే వస్తే మాత్రం మధ్యలో ఉన్న అడాప్టర్, స్ప్లిటర్ తీసేసి నేరుగా కేబుల్ పెట్టండి.

స్క్రీన్ రికార్డింగ్ చేసి చూడమని కొందరు చెబుతారు. రికార్డింగ్‌లో మినుకు పడితే మానిటర్, కేబుల్ నిర్దోషులని నిశ్చయంగా చెప్పొచ్చు. పడకపోతే మాత్రం మానిటర్‌ను దోషి అనలేం. ఓవర్‌లే వల్ల వచ్చే మినుకు బొమ్మ తయారైన తర్వాత పుట్టేది, రికార్డింగ్‌కు అందకపోవచ్చు.

అభ్యాసం: మినుకు లేనివాళ్లు కూడా ఇది చేయండి. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని కొట్టండి. పైన వచ్చే పట్టికలో వీడియో డీకోడ్, కంపోజిటింగ్ వరుసల ఎదురుగా ఏముందో రాసుకోండి. తర్వాత యాక్సిలరేషన్ స్విచ్ ఆపి, రీలాంచ్ చేసి, అదే పట్టిక మళ్లీ చూసి ఏ వరుసలు మారాయో పక్కనే రాయండి. స్విచ్ తిరిగి ఆన్ చేయడం మరవకండి. 8వ పాఠంలో బ్రౌజర్ ఊసే లేకుండా, కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచే వచ్చే మినుకును తీసుకుని కేబుల్, పవర్ సప్లై, మానిటర్ పరీక్షలు చేద్దాం. దానికి మీ దగ్గర ఒక అదనపు హెచ్‌డీఎంఐ కేబుల్ ఉండాలి, ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చుకున్నా చాలు.